సోలన్ బీరు కార్ఖానా: పలక మార్చిన చాలునా?

కాల్కానుండి సిమ్లాకు పోవు కొండరైలు మార్గమున, సోలన్ పట్టణము దాటిన పిదప, "సోలన్ బ్రూవరీ" యను పేరుగల చిన్న స్టేషనొకటి కలదు. ఊరి పేరుతో స్టేషనుండుట మన మెఱుగుదుము. నది పేరుతో, క్షేత్రము పేరుతో ఉండుటయు నెఱుగుదుము. బీరు కాచెడి కార్ఖానా పేరుతో ఉండుట మాత్రము అరుదు. 1903 నవంబరు 9వ తేదీన ఆ మార్గము తెఱువబడెను. 2008లో అది ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చబడినది. దేశ దేశములనుండి వచ్చు యాత్రికులు ఆ పేరు చదివి చిఱునవ్వు నవ్వి ముందునకు సాగిపోవుదురు. ఆ పేరు వెనుక మన దేశచరిత్రలోని కన్నీరు ఎంత యున్నదో, పౌరుషము ఎంత యున్నదో వారికి చెప్పువారెవ్వరు? వారి మాట యట్లుండ, మనవారికైనను చెప్పువారున్నారా? ఈ ప్రశ్నయే ఈ వారము మా చేత ఈ వ్యాసమును వ్రాయించుచున్నది.

ముందుగా ఆ కార్ఖానా పుట్టుపూర్వోత్తరములను విచారింతము. ఆంగ్లేయ సైనికునకు బీరు నిత్యావసరమను నమ్మకము ఆనాటి దొరలకు గాఢముగా నుండెను. ఆ పానీయము ఇంగ్లండునుండి గుడ్‌హోప్ అగ్రము చుట్టి నెలల తరబడి ఓడలలో రావలసి యుండెను. దారిలో రెండు మారులు భూమధ్యరేఖ దాటుటచే ఆ వేడికి పులిసి చెడుట కలదు. అందుచేత హాప్సు అనెడి చేదు పూవులను ఎక్కువగా వేసి, నిలువయుండునట్లు కాచిన బీరును మొదట లండనులోని కార్ఖానావారును, 1820ల తరువాత బర్టన్ పట్టణపు కార్ఖానాలవారును మన దేశమునకు పంపి ధనమార్జించిరి. ఇండియా పేరు తగిలించుకొని లోకమున నేటికిని అమ్ముడుపోవుచున్న ఒక జాతి బీరు ఆ వ్యాపార సంతానమే.

అంత దూరమునుండి తెచ్చుటకంటె ఇచ్చటనే కాచిన లాభము కలదని తలచినవాడు ఎడ్వర్డు డయ్యరు. అయితే మైదానములలో అది సాధ్యము కాదు. నానబెట్టి మొలకెత్తించిన బార్లీని ఆరబెట్టి, పిండిచేసి, వేడినీట కలిపి, తీసిన రసమును హాప్సుతో కాచిన పిదప దానిని చల్లార్చి పులియబెట్టవలెను. మంచుయంత్రములు లేని ఆ కాలమున ఆ చల్లదనము కొండగాలియే ఈయవలెను. మంచి ఊటనీరు కావలెను. కొనువారు చేరువలో నుండవలెను. ఈ మూడును సిమ్లా కొండలలో ఒక్కచోట కుదిరినవి. గూర్ఖా యుద్ధానంతరము సబాతూలోను, తరువాత 1842లో కసౌలీలోను, ఆపైని దగ్షాయీ, జుతోగులలోను దండులు వెలసినవి. 1855లో డయ్యరు కసౌలీలో తన కార్ఖానాను నెలకొల్పెను. ఆసియా ఖండమున మొదటి బీరు కార్ఖానా అదియేనని ప్రసిద్ధి.

కసౌలీకంటె సోలన్‌లో ఊటనీరు సమృద్ధిగా నుండుటచే బీరు పని కొలదికాలమునకే సోలన్‌కు మారినది. కసౌలీ కట్టడము పాడుపడలేదు. దానిని విస్కీ బట్టీగా మార్చిరి. ఈ మార్పు సులభమే. ఏలన విస్కీ చేయుటలో మొదటి సగము బీరు పనియే. అదే బార్లీ, అదే నానబెట్టుట, అదే పులియబెట్టుట; పిమ్మట ఆ పులిసిన రసమును రాగి బట్టీలలో మరగించి, ఆవిరిని పట్టి, చల్లార్చి, కొయ్య పీపాలలో ఏండ్ల తరబడి నిలువయుంచవలెను. ఆ బట్టీ కసౌలీలో నేటికిని పనిచేయుచున్నది. పాత కట్టడమునకు క్రొత్త ఉపయోగము కల్పించుటను గూర్చి నేడు పండితులు గ్రంథములు వ్రాయుచున్నారు. ఈ కొండ మీద అది నూఱేండ్లకు మునుపే జరిగినది. అయితే అచ్చట క్రొత్త ఉపయోగమన బీరుకు బదులు విస్కీ యని యర్థము! ఈ సంగతిని పాఠకులు మనసున నుంచుకొందురుగాక. కట్టడమున ఏమి మారినది, ఏమి మారలేదు అను విచారణ మున్ముందు మరల వచ్చును.

1857లో దేశము భగ్గుమన్నది. ఆ మే మాసముననే కసౌలీలో కావలియున్న నసీరీ పటాలపు గూర్ఖాలు తిరుగబడి ఖజానాను చేజిక్కించుకొనిరి. ఆ విప్లవము అణచబడిన పిదప దొరతనమువారు తెల్లసైన్యమును పెంచిరి. బంగాళసైన్యమున ఇద్దఱు దేశీయ సిపాయిలకు ఒక తెల్లవాడుండవలెనని నిర్ణయించిరి. తెల్ల సైనికులు పెరిగినకొలది బీరు బేరము పెరిగినది. పంజాబు కొండలలోని మర్రీ యొద్ద, ఘోడాగలీ యనుచోట, 1860లో మర్రీ బీరు కార్ఖానా పుట్టెను. ఎడ్వర్డు డయ్యరు దాని నిర్వహణమునకు పోయెను. 1864 అక్టోబరు 9వ తేదీన ఆ మర్రీలోనే ఆయనకు ఒక కుమారుడు కలిగెను. ఆ బాలుడు సిమ్లాలోని బిషప్ కాటన్ పాఠశాలలో చదివి, అటుపిమ్మట ఐర్లండులోని మిడిల్టన్ కళాశాలలో చదివి, సైన్యమున చేరెను. ఆతడే రెజినాల్డు డయ్యరు.

ఆ పేరు వినినంతనే ఏ భారతీయునకు అమృతసరము స్మరణకు రాదు? 1919 ఏప్రిలు 13వ తేదీన, బైశాఖి పండుగనాడు, జలియన్‌వాలా బాగులో కూడిన నిరాయుధ ప్రజల మీద, చెదరిపొమ్మని యొక మాటయైన చెప్పక, ఆతడు సుమారు పది నిమిషములు కాల్పించెను. 1,650 తూటాలు పేలినవి. ప్రభుత్వ లెక్క ప్రకారమే 379 మంది మరణించిరి; కాంగ్రెసు విచారణసంఘము మృతులు వేయిమంది వఱకు నుందురని నిర్ణయించెను. హంటరు సంఘము ముందు ఆతడు పశ్చాత్తాపమెంతమాత్రమును చూపలేదు. పదవినుండి తొలగింపబడినవానికి ఇంగ్లండులోని ఒక పత్రిక చందాలు ప్రోగుచేసి 26,000 పౌనులకు పైగా బహుమాన మిచ్చినది!

ఇచ్చట మే మొక్కమాట స్పష్టముగా చెప్పవలసియున్నది. కొడుకు చేసిన ఘాతుకమునకు తండ్రి కట్టించిన గోడలను నిందించుట న్యాయము కాదు. ఎడ్వర్డు డయ్యరు వ్యాపారి. ఎవ్వరి మీదను తుపాకి కాల్పించినవాడు కాడు. అయినను ఆ తండ్రి కొడుకుల చరిత్రలు వేర్వేఱు గ్రంథములు కావు. ఒకే గ్రంథమున రెండధ్యాయములు. కొండమీద దండు లేనిచో బీరు కార్ఖానా లేదు. ఆ దండు మైదానమున కాల్పులకు దిగుట కొఱకే యున్నది. బీరు పీపా, తుపాకి, కొండబంగళా, ఆ మూటిని కలుపు రోడ్డు, ఇవన్నియు ఒకే యంత్రపు భాగములు. ఆ యంత్రమునకు చమురు మన రైతు చెల్లించిన శిస్తు. ఈ సంబంధమును చెప్పని చరిత్ర సీసాకు అంటించిన చీటీవంటిది. లోపలి సరకును గూర్చి అమ్మువానికి నచ్చినంతయే చెప్పును.

ఆ యంత్రములోనే ఒకనాడు ఒక మర విరిగినది. అదియు సోలన్‌లోనే. 1920 జూను 28వ తేదీన జలంధరులోని కన్నాట్ రేంజర్సు పటాలపు ఐరిష్ సైనికులు, తమ దేశమున ఆంగ్ల సేనలు చేయుచున్న దౌర్జన్యములను విని, ఇకమీదట ఆ రాజునకు కొలువుచేయమని ఆయుధములు దించివేసిరి. సోలన్‌లోనున్న ఆ పటాలపు దళమువారు వారి ననుసరించిరి. జులై 1వ తేదీ రాత్రి జేమ్సు డాలీ యను యువకుని నాయకత్వమున కొందఱు ఆయుధాగారము మీదికి పోగా, కాపలావారి కాల్పులలో ఇద్దఱు మరణించిరి. దగ్షాయీ చెఱసాలలో విచారణ జరిగినది. పలువురికి మరణదండన విధించిరి కాని అమలుజరిపినది ఒక్క డాలీ విషయముననే. 1920 నవంబరు 2వ తేదీన, ఇరువదియేండ్ల ప్రాయమున, ఆతనిని దగ్షాయీలో కాల్చి చంపిరి. ఆతని యస్థికలు స్వదేశమును చేరుటకు 1970 వఱకు పట్టెను.

తేదీలను పాఠకులు గమనింపుడు. సోలన్‌లో కాల్పులు జరిగిన వారమునకు, జులై 8వ తేదీన, లండనులోని కామన్సు సభ డయ్యరు విషయమును చర్చించినది. ఆ మాసముననే ప్రభువుల సభ డయ్యరుకు అనుకూలముగా తీర్మానించినది. ఐర్లండులో చదువుకొన్న డయ్యరు సామ్రాజ్యము పేరిట నిరాయుధులను చంపించి ప్రభువుల మన్నన బడసెను. ఐర్లండులో పుట్టిన డాలీ సామ్రాజ్యమునకు చాకిరి చేయనని తూటాకు ఱొమ్మొడ్డెను. ఒకని తండ్రి కార్ఖానా యున్న ఊరిలోనే రెండవవాడు తిరుగబడెను. ఈ రెండు జీవితములు ఒక చిన్న కొండపట్టణమున ఇట్లు పెనవేసికొనియుండగా, ఆ పట్టణమును గూర్చి యాత్రికునకు మనము చెప్పునది ఏమి? అచ్చట చల్లని గాలి వీచును, పాత బీరు కార్ఖానా కలదు, అంతియే కదా!

సోలన్ గౌరవము అంతటితో ముగియలేదు. అది బఘాట్ సంస్థానపు రాజధాని. 1948 జనవరి చివరివారమున కొండసంస్థానముల రాజులును ప్రజానాయకులును సోలన్ దర్బారు హాలులో సమావేశమై, తాము కలసి యేర్పడబోవు రాష్ట్రమునకు హిమాచల ప్రదేశమను పేరు నిశ్చయించుకొనిరి. ఏప్రిలు 15న ఆ రాష్ట్ర మవతరించినది. అనగా దండులకై పానీయము కాచిన ఊరిలోనే ఒక స్వతంత్ర ప్రజాసముదాయమునకు నామకరణము జరిగినదన్నమాట. ఆ హాలు ఒక దిక్కున, ఈ కార్ఖానా మఱియొక దిక్కున. రెండును కలిసిననే సోలన్ చరిత్ర.

ఇక యాజమాన్యపు సంగతి. 1887లో బర్టన్ పట్టణపు బీరు వ్యాపార కుటుంబమునకు చెందిన మీకిన్ అను నాతడు సిమ్లా, కసౌలీ కార్ఖానాలను డయ్యరు వద్ద కొనెను. మొదటి మహాయుద్ధానంతరము డయ్యరు, మీకిన్ సంస్థలు రెండును ఏకమైనవి. స్వరాజ్యము వచ్చిన పిదప 1949లో నరేంద్రనాథ మోహన్ అను భారతీయుడు ఆ సంస్థను స్వాధీనము చేసికొనెను. తెల్లదొర గద్దె మీద మనవాడు కూర్చుండెనని ఆనాడు సంతోషించినవారు కలరు. ఆ సంతోషము తప్పని మేము చెప్పము. 1954లో ఆ సంస్థ విడుదలచేసిన "ఓల్డ్ మాంక్" అను రమ్ము దేశమంతట ప్రసిద్ధికెక్కినది. కాని సంస్థ పేరున డయ్యరు అను మాట 1960ల ద్వితీయార్ధము వఱకు నిలిచియే యుండినది. ఎఱ్ఱకోటపై మన పతాకమెగిరిన తరువాత సుమారు రెండు దశాబ్దములు ఆ పేరు మన వ్యాపారమున సాగెను! అటుతరువాత దాని స్థానమున మోహన్ అను పేరు చేరినది. మీకిన్ అను పేరు నేటికిని నిలిచినది.

పేరు తీసివేసినందుకు మేము హర్షింతుము. కాని తీసివేయుటతో పని తీరినదా? పలకమీది అక్షరములు చెరిపినవాడు, ఆ యక్షరములు ఏల వ్రాయబడెనో, ఏల చెరుపవలసివచ్చెనో ప్రక్కన వ్రాయడేని, రాబోవు తరమునకు పేరును తెలియదు, దోషమును తెలియదు. ఇది క్షమించుట కాదు, మఱచుట. క్షమించువాడు నేరమును పూర్తిగా నెఱిగియుండును. మఱచినవాడు దానిని మరల జరుగనిచ్చును. బీరు కట్టడమున విస్కీ కాచినట్లే, దొర పేరున్న చోట మనవాని పేరు వ్రాయబడినది. ఈ రెండు మార్పులును ఒక్క తీరువే. ఉపయోగము పైపైన మారినది, అర్థము మారలేదు.

ఇట్టి కట్టడముల గతి మూడు విధములుగా నుండవచ్చును. మొదటిది ఘోడాగలీ గతి. డయ్యరు నిర్వహించిన ఆ మర్రీ కార్ఖానా 1947 నాటి దేశవిభజన దారుణములలో అగ్నికి ఆహుతియైనది. మిగిలినవి మొండి రాతిగోడలు. ద్వేషముతో తగులబెట్టినది ఎవ్వరికిని పాఠము చెప్పదు, బూడిదకు నోరుండదు. రెండవది సోలన్, కసౌలీల గతి. కట్టడము నిలిచినది, పొయ్యి ఆరలేదు, లాభము వచ్చుచున్నది. కథ మాత్రము అరయే వినబడుచున్నది. మూడవది ఆ కొండలలోనే, ఆ రెంటికిని చేరువనే యున్న దగ్షాయీ గతి. డాలీని బంధించిన ఆ చెఱసాలను 2011లో ప్రదర్శనశాలగా తీర్చి ప్రజలకు తెఱచిరి. 1920లో ఐరిష్ సైనికులను విచారించుచుండిన కాలమున గాంధీమహాత్ముడు దర్శించిన చెఱసాల అది. చీకటి కొట్లు చీకటి కొట్లుగనే యున్నవి. గోడలను కూల్చలేదు, పూలతో కప్పలేదు. లోపలికి పోయినవాడు తల వంచుకొని బయటికి వచ్చును. పాతకట్టడమును తిరిగి వాడుకొనుట యన ఇదియే యని మా అభిప్రాయము.

ఇట్టి పని ఇతర దేశములయందు జరుగుచున్నది. ఇంగ్లండులో సఫోక్ తీరప్రాంతమున స్నేప్ అను చిన్న గ్రామము కలదు. అచ్చట బీరు కొఱకు బార్లీని మొలకెత్తించి ఆరబెట్టెడి పెద్ద కొట్లు 1965లో మూతపడగా, బెంజమిన్ బ్రిటెన్ అను సంగీతవిద్వాంసుడును ఆతని మిత్రులును అందొకదానిని సంగీతశాలగా మార్పించిరి. 1967 జూనులో అది తెఱువబడినది. రెండేండ్లకు అగ్నిప్రమాదమున కాలిపోగా, మఱుసటి యేటికే మరల కట్టిరి. బార్లీ ఆరిన ఇటుకగోడల నడుమ నేడు సంగీతము వినుటకు దేశాంతరములనుండి జనులు వచ్చుచున్నారు. తమ కొట్టును దేవాలయమువలె కాపాడుకొను ఆ జాతి, మన కొండలలో కట్టించి పోయినదానిని కాపాడుకొనుట, దాని నిజము చెప్పుకొనుట, మన పని కాక ఎవ్వరి పని?

మా మీద ఆక్షేపణలు వచ్చునని యెఱుగుదుము. మొదటిది, అది చక్కగా నడుచుచున్న కార్ఖానా, దానిమీద కూలివాండ్రు బ్రతుకుచున్నారు, దానిని మూయింతురా? అని. మూయింపుమని మేము చెప్పుటలేదు. ప్రత్యామ్నాయము చూపక పొయ్యి ఆర్పువాడు దేశసేవకుడు కాడు. పని జరుగునంతకాలము జరుగనిండు. మే మడుగునది గోడమీద సత్యమును, దస్తరములకు రక్షణమును మాత్రమే. రెండవది, అది ప్రైవేటు ఆస్తి, ప్రజలకేమి హక్కు? అని. ఆస్తి వారిది, నిజము. కాని చరిత్ర ఎవ్వరి స్వార్జితమును కాదు. ప్రాచీనతను చెప్పుకొని సరకునకు గౌరవము తెచ్చుకొనువారు ఆ ప్రాచీనతను పూర్తిగా చెప్పవలసిన ధర్మమునకును బద్ధులు. మూడవది, పాత గాయములను రేపనేల? అని. మానిన గాయమును రేపుట దోషము. కట్టు విప్పి చూడని గాయము మానినదని యెట్లు చెప్పగలము?

నాల్గవ ఆక్షేపణ మావంటివారినుండియే వచ్చును. మద్యపాన నిషేధమును కోరువారు ఒక బీరు కార్ఖానాను కాపాడుమనుట ఏమి? అని మా మిత్రులు కొందఱు కోపింతురు. మేము నిషేధపక్షమువారమే, రాజ్యాంగము 47వ అధికరణము చెప్పిన ఆదర్శమును మేము విడువలేదు. ఆ కారణముననే ఈ మాట చెప్పుచున్నాము. తెలుగుదేశమున ఈ ప్రశ్న ఎంత లోతైనదో మనవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. చెన్నరాజధానిలో రాజగోపాలాచారి మంత్రివర్గము 1937లో సేలములో నిషేధము ప్రారంభించి, మఱుసటి యేడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసినది. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ఆంధ్ర మంత్రివర్గము ఈ నిషేధపు చిక్కులోనే ఒక్క ఓటుతో కూలినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రేపిన జ్వాల రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారాను, 1995 జనవరిలో సమస్త మద్యమును నిషేధింపజేసినది. 1997లో ఖజానా చూచి ప్రభుత్వము వెనుకకు తగ్గినది.

ఈ చరిత్రయంతటినుండి మేము గ్రహించినది ఒక్కటి. మద్యమును మనకు అంటగట్టినది రుచి మాత్రమే కాదు, రాబడి. దండునకు బీరు పోసి లాభము తీసిన దొరతనము, పల్లెకు సారా పోసి ఆబ్కారీ రాబడి తీసినది. దొరతనము పోయినది, రాబడిమీది మోజు పోలేదు. దూబగుంట తల్లులు ఎదిరించినది సీసాను మాత్రమే కాదు, ఆ సీసామీద ఆధారపడిన ఖజానాను. ఈ యంత్రము ఎట్లు పుట్టినది, ఎవరికొఱకు పుట్టినది, ఎవరి చేతినుండి ఎవరి చేతికి మారినది అను పాఠమును చెప్పుటకు సోలన్ కంటె తగిన బడి దేశమున ఏది? దానిని కూల్చినచో బడి పోవును, పాఠము మిగులదు.

నీటి సంగతియు కలదు. కార్ఖానా సోలన్‌కు పోయినది ఊటనీటికొఱకు. నేడు సోలన్ ప్రజలు గిరి నదినుండి, అశ్వనీ ఏటినుండి ఎత్తిపోసిన నీటికొఱకు వేసవిలో ఎదురుచూచుచుందురు. ఒక కొండపట్టణపు ఊటలు ఎవరికి మొదట చెందవలెను, దండుకా, వ్యాపారమునకా, కుండ పట్టుకొని నిలిచిన ఇల్లాలికా అను ప్రశ్న 1855లో ఎవ్వరును ప్రజలను అడుగలేదు. అడుగువారు లేకుండుటయే పరాధీనత. ఆ ప్రశ్నను నేడు బహిరంగముగా అడిగి, బహిరంగముగా సమాధానము చెప్పుకొనుట స్వరాజ్యము.

కాబట్టి మా కోరిక లివి. మొదటిది: కసౌలీలోను సోలన్‌లోను ఆ కట్టడముల ద్వారమున హిందీలోను, పహాడీలోను, ఇంగ్లీషులోను వాటి పూర్ణచరిత్రను శిలమీద చెక్కింపవలెను. అందు ఎడ్వర్డు డయ్యరు పేరుండవలెను, ఆతని కుమారుడు అమృతసరమున చేసినదియు నుండవలెను. 1857 నాటి గూర్ఖాలుండవలెను, డాలీయు నుండవలెను. రెండవది: సంస్థవద్దనున్న పాత లెక్కలు, ఒప్పందములు, పటములు చెదలు తినకముందే ప్రభుత్వ దస్తరశాల వాటి ప్రతులను తీసి భద్రపఱచవలెను. ఏ పటాలమునకు ఎంత బీరు పోయెనో, కూలికి ఎంత ముట్టెనో చెప్పగలవి అట్టి కాగితములే. మూడవది: "సోలన్ బ్రూవరీ" స్టేషను పేరును మార్చవలదు, దానిక్రింద నాలుగు పంక్తులు వ్రాయుడు, చాలును. నాల్గవది: ఏనాటికైనను ఆ పొయ్యిలు ఆరినచో, ఆ కట్టడములను హోటలుగానో విలాసమందిరముగానో అమ్ముకొనక, దగ్షాయీవలె ప్రజలపరము చేయవలెను. అట్టి నిర్ణయము కట్టడము ఖాళీయైన తరువాత కాక ఇప్పుడే జరుగవలెను. ఖాళీ కట్టడమునకు బేరగాడు ముందు వచ్చును, చరిత్రకారుడు తరువాత వచ్చును.

ఈ కోరికలకు కోట్ల ధనము అక్కఱలేదు. ఒక రాతిపలక, ఒక బీరువా, ఒక తీర్మానము, ఇంతియే. కావలసినది ధనము కాదు, ధైర్యము. తన ఇంటి గోడమీద తన పరాభవమును తానే వ్రాసికొనగల జాతికి ఆ పరాభవము మరల రాదు. మన తెలుగునాటను దొరలు విడిచిపోయిన కట్టడములు, కచేరీలు, గిడ్డంగులు ఎన్నో కలవు. వాటి గోడలకు సున్నము వేయుటకు ముందు వాటి కథను వ్రాసికొందము. సోలన్‌వారు ముందడుగు వేసినచో, వారి వెనుక నడచుటకు మనము సిగ్గుపడనక్కఱలేదు. వారికంటె ముందే మనము వేసినచో మఱియు మేలు.